ఆడితే వచ్చిన నొప్పి

అమ్మాయ్, ఆ ఫోను బోర్లా పెట్టి ఇలా మంచం మీదికి రా. ఇంకా దగ్గరికి జరుగు. కరీమున్ మోకాలి సంగతి నువ్వు ఊళ్ళో విన్నది వేరు, జరిగింది వేరు. నువ్వు విన్నదాంట్లో నవ్వుకోవడానికి ఉంది. జరిగినదాంట్లో రోత పుట్టేదే ఎక్కువ. అయినా చివరిదాకా విను, మధ్యలో లేవకు.

ప్రత్తిపాడులో హుస్సేన్ సాహెబ్‌కి ఇంటికి ఆనుకునే కారం కొట్టే మర ఉంది. కొత్త మిరపకాయలు కల్లాల్లో ఎండి ఇళ్ళకు చేరే రోజుల్లో ఆ మర ముందు తెల్లవారేసరికే సంచులు వరస కడతాయి. ఏడాదికి సరిపడా కారం కొట్టించుకోవడానికి చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు తొడిమలు తీసిన కాయలు తీసుకుని ఆటోల్లో దిగుతారు. ఆ రోజూ దిగారు. మర మాత్రం ఇంకా తిరగలేదు. సాహెబ్ స్కూలు గ్రౌండులో షటిల్ ఆడి వచ్చి వసారాలో నవారు మంచం మీద బోర్లా పడుకుని ఉన్నాడు.

"అబ్బా! అమ్మా! నెమ్మదిగా రుద్దవే, చచ్చాను!"

ఆయన భార్య కరీమున్ కింద కూర్చుని పిక్కలకు నూనె రుద్దుతోంది. సాహెబ్ అక్క లాల్‌బీ ఉప్పు వేసి కాచిన నీళ్ళ గిన్నె తెచ్చి మంచం పక్కన పెట్టింది. భర్త పోయిన దగ్గర్నుంచీ ఆమె తమ్ముడింట్లోనే ఉంటోంది. ఇంట్లో అందరూ ఆమెని 'ఆపా' అంటారు.

"ఇయ్యాల ఎరువుల కొట్టాయన్ని ఓడించాను ఆపా. ఆఖరి పాయింటుకి ఎగిరి కొట్టా. అప్పుడు పట్టేసింది," అన్నాడు సాహెబ్ దిండులోకి.

"మా తమ్ముడికి అరవై అంటే ఎవరు నమ్ముతారు!" లాల్‌బీ మురిసిపోయింది. "గట్టిగా రుద్దు కరీమూ. ఆటగాడి కాలు. వదిలేస్తే బిగుసుకుపోద్ది."

మొన్న శుక్రవారం మసీదులో ఆయన మోకాలు వంచలేకపోతే కుర్రవాళ్ళు పరుగెత్తి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వరస చివర వేశారట. నమాజు అయ్యాక అందరూ చుట్టూ చేరి ఆట ఎలా ఉంది, కాలు ఎలా ఉంది అని అడిగారట. ఆ ముచ్చట ఇంట్లో అప్పటికి ఎన్నోసార్లు చెప్పాడు.

నూనె వాసన, ఆయన పొద్దున్నే కొట్టుకున్న నొప్పుల స్ప్రే వాసన, తడిసిన బనీను వాసన కలిసి కరీమున్ ముక్కుకి కొట్టాయి. ముఖం పక్కకి తిప్పుకుని రుద్దింది. ఆమె కుడి భుజం చెవి దాకా కూడా లేవడం లేదు. ఉంగరం వేలు వాచిపోయి ఉంది. తొడలు రాళ్ళలా బిగిసి, కింద కూర్చున్నప్పుడే ఇక ఎలా లేవాలా అని భయం వేసింది. ఆయన మంచం మీద మూలుగుతుంటే, అదే మూలుగు ఆమె గొంతులో అడ్డం పడి ఉంది. బయటికి రానిచ్చిందా, ఎందుకని అడుగుతారు.

ఎందుకంటే కరీమున్ కూడా ఆడుతోంది.

స్కూల్లో పిల్లలకు ఆటలు నేర్పే జాస్మిన్ టీచరు, మహిళా దినోత్సవానికి ఊళ్ళో పెద్దవయసు ఆడవాళ్ళ చేత త్రోబాల్ ఆడిస్తానని పిలిచింది. సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక, ప్రహరీ గోడ వెనక. బీపీ ఉంది కనక నడవమని డాక్టరు చెప్పాడు. నడవడానికి వెళ్తున్నానని కరీమున్ ఇంట్లో చెప్పి వెళ్ళేది. నడవడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. ఆట మాట మొదట బయటికి వచ్చినప్పుడే లాల్‌బీ నోట్లో వక్కపలుకు ఉమ్మేసి, "యాభై దాటిన ఆడవాళ్ళు బంతి పట్టుకుని గెంతుతారంట. ఛీ, చూసేవాళ్ళకి కూడా పాపం," అని తేల్చేసింది.

కొత్తగా ఆడేవాళ్ళకి నొప్పులు తప్పవని జాస్మిన్ ముందే చెప్పింది. చల్లటి గుడ్డ వేసుకోండి, ఆటకి ముందు ఒళ్ళు వేడెక్కేలా నెమ్మదిగా పరిగెత్తండి, రాత్రి బామ్ రాసుకోండి అంది. రాసుకోవడానికి కరీమున్‌కి చోటేది? వాసన వస్తే ఇంట్లో పట్టేస్తారు. కారం ఘాటులో ఏ వాసనా తెలియదని మర వెనక మూల నిలబడి, చీర పైకెత్తి గబగబా తొడకి రాసింది మొదటి వారంలో. అప్పటిదాకా కారం జల్లించిన చెయ్యి అది. కడుక్కోవడం మరిచిపోయింది. ఇక ఆ మంట నీకెలా చెప్పను! చీర కుచ్చిళ్ళు నోట్లో కుక్కుకుని గోడకి తల ఆనించి నిలబడింది. అవతల రోకళ్ళు దంచుతూనే ఉన్నాయి. "కరీమూ, జల్లెడేదే?" అని సాహెబ్ అరుస్తూనే ఉన్నాడు. కళ్ళు తుడుచుకుంటూ వస్తే, కారం నలక పడిందనుకున్నారు.

అయినా మర్నాడు సాయంత్రం మళ్ళీ గ్రౌండుకి వెళ్ళింది.

అక్కడ ఆమెకి తోడు దేవకుమారి. స్కూల్లో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఆమె మొగుడు దానయ్య కరీమున్ వాళ్ళ మరలోనే బస్తాలెత్తుతాడు. మొదటి రోజు దేవకుమారి బంతి విసురుతూ "అమ్మగారూ, పట్టుకోండి!" అంది. ఆ మాట పూర్తయ్యేలోపు బంతి నేలమీద పడింది. జాస్మిన్ ఈల వేసి, "ఈ గీతల్లోపల అమ్మగార్లు లేరు. పేరు పెట్టి పిలవండి," అంది. దేవకుమారి నాలుక కరుచుకుంది. ఆ తర్వాత వారం తిరక్కుండానే "కరీమూ, నీదే! పట్టవే!" అని అరవసాగింది. కరీమున్‌కి ఆ అరుపు ఎంత బాగుండేదో! రెండు చేతులూ పైకి చాచి బంతిని గుండెకి హత్తుకున్నప్పుడు భుజం చిటుక్కుమనేది, నొప్పి మెడదాకా పాకేది. పెదవి కొరికి, నవ్వి, తిరిగి విసిరేది.

సాహెబ్ కాళ్ళు రుద్దిన ఆ సోమవారం సాయంత్రమే బంతి వల మీదుగా కిందికి వాలుతూ వచ్చింది. ముందుకి ఉరికింది. చీర అంచు కాలి కింద పడింది. కుడి మోకాలు నేలకి కొట్టుకున్న చప్పుడు అందరికీ వినిపించింది. బంతి మాత్రం చేతుల్లోనే ఉంది.

దేవకుమారి ఆమె చెయ్యి తన మెడచుట్టూ వేసుకుని వెనక వీధి నుంచి మర దొడ్డి తలుపు దాకా నడిపించింది.

"దేవీ, నీకు దణ్ణం పెడతా, ఆడుతూ పడ్డానని ఎవరికీ చెప్పకు. తెలిస్తే ఇక గుమ్మం దాటనివ్వరు."

"నేనెవరికి చెప్తా? ముందు కూర్చో. రక్తం తుడువు."

దేవకుమారి వెళ్ళిపోయింది. కరీమున్ గోడ పట్టుకుని లోపలికి వచ్చి జల్లెడ దగ్గర కూలబడింది. సాహెబ్ చూశాడు.

"ఏమైందే?"

రంగు నిలవడానికి కొందరు కారంలో నూనె కలిపించుకుంటారు. పొద్దున ఎవరిదో నూనె సీసా అక్కడ ఒలికింది. అది గుర్తొచ్చింది ఆమెకి.

"ఇక్కడే జారాను. కింద నూనె."

అంతే, ఇల్లు కదిలింది. లాల్‌బీ పరుగెత్తుకొచ్చింది. "అయ్యో తల్లీ, పొద్దస్తమానం ఈ మరకి ఊడిగం చేసి చేసి కాలు పోగొట్టుకుంటివి గదే!" అని ఏడ్చింది. సాహెబ్ తన స్ప్రే తెచ్చి స్వయంగా కొట్టాడు. తర్వాత వీధి వైపు తిరిగాడు.

"ఒరేయ్ దానయ్యా!"

దానయ్య ఆటోలోంచి సంచులు దించుతున్నాడు. ఒకటి భుజం మీద ఉండగానే లోపలికి వచ్చాడు.

"నూనె ఒలికితే తుడవాలని తెలీదురా నీకు?"

"తుడిచానండి సాయిబుగారూ. ఊక పోసి ఎత్తేశాను. చూడండి, నేల పొడిగానే ఉంది."

"అయితే మా ఆడది అబద్ధం చెప్తందా?"

దానయ్య బస్తా దించాడు. కరీమున్ వైపు చూశాడు. ఎక్కువసేపు చూడలేదు. "ఆ మాట నేనెందుకంటానండీ," అన్నాడు.

కరీమున్ జల్లెడ వంక చూస్తూ కూర్చుంది. జల్లెడ కన్నాల్లో ఇరుక్కున్న గింజల్ని ఒక్కొక్కటే గోటితో పీకింది.

"పో. రేపట్నుంచి రావద్దు. కళ్ళు నెత్తికెక్కినాయి నీకు. పెద్దావిడ కాలు విరిగేది."

దానయ్య నడుం మీద చెయ్యి వేసుకుని గుమ్మం దిగి వెళ్ళిపోయాడు.

ఆ మర్నాడంతా కరీమున్‌కి రాచమర్యాదలు. మంచం మీంచి దిగనివ్వలేదు. లాల్‌బీ ఇసక వేయించి గుడ్డలో మూటకట్టి గంటగంటకీ కాపడం పెట్టింది. పాలల్లో పసుపు వేసి తాగించింది. పక్కింటివాళ్ళు వచ్చి "పనిచేసే మనిషికే వస్తాయమ్మా ఈ తిప్పలన్నీ," అని బుగ్గలు నొక్కుకున్నారు. ఆ వేడి మూట మోకాలికి తగిలినప్పుడల్లా సుఖంగానే ఉంది. ఆ సుఖమే ఆమెకి వెగటు పుట్టించింది. గ్లాసులో పాలు మీగడ కట్టి పెదవికి అంటుకుంటే తుడిచేసి గ్లాసు అవతల పెట్టేసింది. ఇంత ప్రేమ ఈ ఇంట్లో ఇన్నాళ్ళు ఎక్కడుంది? మరలో పడితే ఇంత ఉంది. గ్రౌండులో పడితే?

సాయంత్రం దేవకుమారి దొడ్డి తలుపు దగ్గరకు వచ్చింది. లోపలికి రాలేదు.

"అమ్మగారూ, మా ఆయన తువ్వాలు మేకుకి తగిలించి మర్చిపోయాడంట. ఇప్పిస్తారా?"

కరీమున్ మంచం మీంచి లేవబోయింది. "దేవీ..."

"తువ్వాలండీ," అంది దేవకుమారి మళ్ళీ. కోపంగా అనలేదు. నీళ్ళు అడిగినట్టు అడిగింది.

లాల్‌బీ తువ్వాలు రెండు వేళ్ళతో పట్టుకొచ్చి గుమ్మం అవతల పడేసింది. దేవకుమారి దాన్ని తీసి, దులిపి, మడత పెట్టుకుంది. ఒక్కసారి కరీమున్ కళ్ళలోకి చూసి వెళ్ళిపోయింది. నిజం తెలిసిన మనిషి, మొగుడి పని పోయిన మనిషి, ఇచ్చిన మాట కోసం నోరు విప్పలేదు. గట్టిగా నాలుగు తిట్టి పోయినా కరీమున్‌కి తేలిగ్గా ఉండేది.

పొద్దు కుంకి మగ్రిబ్ నమాజు వేళ అయింది. కరీమున్ కింద కూర్చోలేకపోతోంది కనక లాల్‌బీ తనే కుర్చీ తెచ్చి, తుడిచి, కాబా దిక్కుకి తిప్పి వేసింది. "కూర్చుని చదువుకో. అల్లాకి తెలుసు నీ కాలెందుకు వంగడం లేదో," అంది.

ఆ మాట అమాయకంగానే అంది. కరీమున్ కుర్చీలో కూర్చుని చేతులు ఎత్తబోయింది. నాలుక తిరగలేదు. తనలోంచే ఏదో పాచివాసన వస్తున్నట్టు అనిపించింది. నమాజు మొదలుపెట్టకుండానే లేచింది. గోడ పట్టుకుని, మోకాలు ఈడ్చుకుంటూ మరలోకి వెళ్ళింది.

మరలో వరస ఇంకా తగ్గలేదు. ఎత్తే మనిషి లేక సంచులవాళ్ళే తలా ఒక చెయ్యి వేసి రోట్లో పోసుకుంటున్నారు. సాహెబ్ కాటా దగ్గర కూర్చుని విసుక్కుంటున్నాడు. కరీమున్ స్విచ్చు తీసేసింది. రోకళ్ళు ఆగిపోయాయి. అంత మోత ఒక్కసారిగా ఆగితే అందరూ తలలెత్తారు.

"నేను ఇక్కడ జారలేదు. స్కూలు గ్రౌండులో బంతాట ఆడుతూ పడ్డాను. దానయ్య నేల తుడిచాడు. నేను అబద్ధం చెప్పాను."

సాహెబ్ నోటి వెంట వచ్చిన మొదటి మాట ఏమిటో తెలుసా?

"బంతాటా?"

దానయ్య కాదు. అబద్ధం కాదు. బంతాట.

"ఈ వయసులో? మనవలున్న ఆడదానివి! అందరి ముందూ గెంతావా?"

"మీరు పొద్దున గెంతేది ఆ గ్రౌండులోనే. మీ గీతల పక్కనే మా గీతలు."

సంచుల మీద కూర్చున్న ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. సాహెబ్ ముఖం కందిపోయింది. "నేను షుగరు కోసం ఆడుతున్నా!"

"నాకు బీపీ," అంది కరీమున్.

వెనకే వచ్చిన లాల్‌బీ అంతా విన్నది. ముఖం వికారంగా పెట్టింది. "ఛీ! ఛీ! నా చేత కాపడం పెట్టించుకున్నావు గదే! గెంతి విరగ్గొట్టుకున్న కాలికి నేను రోజంతా ఊడిగం చేశానా? చేతులు కడుక్కోవాలి," అని నిజంగానే తొట్టి దగ్గరికి వెళ్ళి, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంది.

కరీమున్ అది చూస్తూ నిలబడింది. "దానయ్య మాట ఒక్కరూ ఎత్తరేం?" అంది.

"వాడి సంగతి తర్వాత," అన్నాడు సాహెబ్. "పొమ్మన్నవాణ్ణి మళ్ళీ రమ్మంటే నా మాటకి విలువేం ఉంటది?"

ఆ ముక్క విన్నాక ఆమెకి ఆయన ముఖం చూడబుద్ధి కాలేదు.

పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా బయలుదేరింది. మోకాలు గుమ్మడికాయలా ఉంది. ఊరి చివర పల్లెలో దానయ్య ఇంటిదాకా నడిచేసరికి జాకెట్టు తడిసిపోయింది. లోపల్నించి మూలుగు వినిపించింది.

"అబ్బా! అమ్మా! అక్కడే, అక్కడే."

గుమ్మంలో ఆగిపోయింది. దానయ్య చాప మీద బోర్లా పడుకుని ఉన్నాడు. దేవకుమారి ఇటుక వేడిచేసి గుడ్డలో చుట్టి అతని నడుముకి ఆనిస్తోంది. మెడ కింద బస్తా ఆనే చోట చర్మం గేదె మెడలా మొద్దుబారి నల్లగా ఉంది. ఎన్నేళ్ళుగానో రోజూ చూసే మనిషి. మరలో ఒక్కనాడూ అతని నోటి వెంట 'అబ్బా' అని వినలేదు.

"దానయ్యా, నిన్న అందరి ముందూ నిజం చెప్పేశాను. నీ తప్పు లేదని చెప్పాను," అంది గుమ్మం పట్టుకుని.

దానయ్య లేవబోయి లేవలేక మళ్ళీ పడుకున్నాడు. "తెలిసిందమ్మా. ఊరంతా తెలిసింది."

దేవకుమారి ఇటుక దించకుండానే అంది. "నువ్వు నోరు మూసుకున్నంతసేపూ నేనూ మూసుకున్నా. ఎంతసేపు మూస్తావో చూద్దామని. ఇంకో పూట మూసినట్టయితే మీ మర ముందు నిలబడి నీ పరువు తీసేదాన్ని, తెలుసా?"

"తియ్యాల్సింది," అంది కరీమున్.

"సిగ్గుంటే చాల్లే. కూర్చో, ఆ కాలు చాపు."

కరీమున్ కూర్చుంది. మాట ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. చివరికి, "మరకి వస్తావా దానయ్యా? అందరూ మిరప కోతలకి పోయారు, ఊళ్ళో ఒక్క మనిషి దొరకడం లేదు," అంది.

దానయ్య చాప మీద మోచేతులు ఆనించాడు. "వస్తానమ్మా. బస్తా మాత్రం ఇక ఒంటరిగా ఎత్తను. రెండో చివర ఇంకొకరు పట్టాలి. సాయిబుగారు పొద్దున్నే ఎగిరెగిరి కొడతారంట గదా. ఆయన పట్టమనండి."

ముందు దేవకుమారికి నవ్వొచ్చింది. తర్వాత దానయ్యకి. నవ్వితే నడుం పట్టి, "అబ్బా, నవ్వించకే!" అని మళ్ళీ మూలిగాడు.

సాహెబ్ రెండు పూటలు బిగుసుకుని కూర్చున్నాడు. సంచులు వీధిలోకి పాకాయి. పర్చూరు నుంచి వచ్చినవాళ్ళు గొడవపడి వేరే మరకి పోతామన్నారు. బింకం కొద్దీ సాహెబ్ తనే ఒక బస్తా ఎత్తబోయాడు. మోకాలి దాకా లేపాడు. బస్తా జారి కాలి మీద పడింది. ఎవరూ నవ్వలేదు, అది ఇంకా ఘోరం. ఆ సాయంత్రమే దానయ్యకి కబురు పెట్టాడు.

మర్నాడు దానయ్య వచ్చి బస్తా ఒక చివర పట్టుకుని నిలబడ్డాడు. సాహెబ్ అటూ ఇటూ చూసి, పంచె పైకి దోపి, రెండో చివర పట్టుకున్నాడు. మధ్యాహ్నానికి వసారాలో మంచం మీద బోర్లా పడ్డాడు. "అమ్మా, అబ్బా" మొదలుపెట్టాడు. లాల్‌బీ నూనె గిన్నె తెచ్చింది. కరీమున్ జల్లెడ దగ్గర్నించి లేవలేదు. "కాలు నొప్పి ఆపా, కింద కూర్చోలేను," అని మాత్రం అంది. ఆయన మూలుగు అంతకంతకూ తగ్గి ఆగిపోయింది.

సాయంత్రం కరీమున్ మోకాలికి గుడ్డ బిగించి కట్టి, ముందు గుమ్మంలోంచి, అందరూ చూస్తుండగా గ్రౌండుకి బయలుదేరింది. "సిగ్గులేని ముండ," అంది లాల్‌బీ వీధికి వినిపించేలా. టీ కొట్టు దగ్గర మగవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. ఎవరూ కాలు ఎలా ఉందని అడగలేదు. ఆడే ఓపిక లేదు. గీత దగ్గర నిలబడి బంతి లోపల పడిందో బయట పడిందో చెప్పింది. ఊరికే నిలబడ్డా మోకాలు సలిపింది. తిరిగొచ్చేసరికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఇంటికొచ్చి వసారాలో మొగుడి మంచానికి ఎదురుగా ఉన్న బల్ల మీద కూర్చుని, కాలు చాపి, ఆ ఇంట్లో మొదటిసారి గొంతెత్తి మూలిగింది.

"అమ్మా! అబ్బా! చచ్చాను!"

సాహెబ్ గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"ఆడొచ్చాను, నొప్పిగా ఉంది. కాసిని నీళ్ళు కాచండి ఎవరన్నా," అంది కరీమున్.

చాలాసేపు ఎవరూ కదల్లేదు. ఆమె మూలుగు ఆపలేదు. చివరికి లాల్‌బీ విసురుగా లేచింది. "ఛీ, ఇదేం కొంప! రోత పుడుతుంది," అని గొణుక్కుంటూ పొయ్యి వెలిగించింది. నీళ్ళ గిన్నె తెచ్చి ఠపీమని పెట్టింది. సగం నీళ్ళు ఒలికాయి. ముఖం అటు తిప్పుకునే గుడ్డ ముంచి పిండి, మోకాలి మీద వేసింది. చేతులు వెంటనే తీసెయ్యలేదు. ఇంటి కారానికి కాయల తొడిమలు తీసీ తీసీ ఆ వేళ్ళు ఎర్రగా పొక్కిపోయి ఉన్నాయి.

తమ్ముడు నిద్రపోయాడో లేదో తొంగి చూసింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది.

"ఏమే, ఆ బంతి... పట్టుకుంటే చేతులు మండుతాయా?"

"మండవు ఆపా," అంది కరీమున్.

లాల్‌బీ గుడ్డ చల్లారితే మళ్ళీ ముంచి వేసింది.

ఇదమ్మా జరిగింది. టీ కొట్టు కాడ చెప్పుకునే కథలో కరీమున్ గెంతి పడటం తప్ప ఇంకేమీ ఉండదు. నువ్వు మాత్రం మర్చిపోకు. ఎక్కడన్నా ఎవరన్నా నవ్వుతూ ఎత్తితే, అలా కాదని ఆపి, చివరన ఆ లాల్‌బీ అడిగిన మాట దాకా మొత్తం చెప్పు. దానయ్య నడుం మాత్రం వదిలెయ్యకు.